పదమూడో మేకు

ఆ ఏడాది మా ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఆట కూడా గెలవలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చివర్లో ఎవడో గోల్ కొట్టి పరువు నిలబెడతాడని ఎదురుచూసేవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

జట్టు పేరు ఎన్‌కుర్స్, అంటే లంగరు. లియెపాయా రేవులో పుట్టిన జట్టుకి అంతకన్నా ఏం పేరు పెడతారు? పన్నెండేళ్లు వరసగా లాత్వియా ఛాంపియన్లం మేము. రాజధాని రీగా వాళ్లు ఏటా వసంతంలో ‘ఈసారి మేమే’ అంటూ వచ్చేవారు, ఆకులు రాలే వేళకి తోక ముడిచి పోయేవారు. ఆ రోజుల్లో ఊళ్లో ప్రతివాడూ ‘మా జట్టు’ అనేవాడు. తర్వాత ఓ ఏడు రెండో స్థానానికి దిగాం, మరుసటేడు ఐదుకి. ‘మా జట్టు’ కాస్తా ‘ఆ జట్టు’ అయింది. మూడో ఏడు మార్చిలో యజమాని చేతులెత్తేశాడు. కలప వ్యాపారి ఆయన. రీగాలో కొత్త క్లబ్బు పెట్టుకుని, మా ఆటగాళ్లందరినీ ఒకే బస్సులో అక్కడికి తీసుకుపోయాడు.

నేను ఆ జట్టు బట్టలు ఉతికేదాన్ని. పేరు విజ్మా. నా మొగుడు తిమొఫేయ్, ఊరందరికీ తీమా, ఆ పన్నెండేళ్లూ కెప్టెన్. నలభై ఒకటో ఏట, కుడి మోకాలు అరిగిపోయి, కుర్రాళ్లకి ఆట నేర్పుతున్నాడు. బస్సు వెళ్లిపోయాక మిగిలింది అతనూ, ఆ కుర్రాళ్లూ, గేటు చూసుకునే ఆర్విద్సూ, నేనూ.

ఆటలో ఒక నియమం ఉంది. మూడుసార్లు జట్టుని దింపకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఏడుగురుంటే చాలు ఆట మొదలవుతుంది. మధ్యలో ఏడుగురికి తగ్గితే ఆపేస్తారు, అదీ దింపనట్టే లెక్క. పేరు పోతే మైదానమూ పోతుంది, ఎందుకంటే క్లబ్బు బతికున్నంత కాలమే ఆ నేల మాదనీ, ఆ తర్వాత యజమానిదనీ కాగితం. ఎలాగోలా ఏడాది పూర్తిచేస్తే మాత్రం, ఆఖరి స్థానంలో నిలిచినా, వచ్చే ఏడు కింది తరగతిలో ఆడుకోవచ్చు. పేరుంటుంది, నేలుంటుంది.

మనుషులు చాలక మొదటి రెండు ఆటలకీ దిగలేకపోయాం. ఏప్రిల్ సగం కాకుండానే రెండు అయిపోయాయి. ఇంక ఇరవై ఆరు ఆటలు మిగిలాయి, ఒక్కటి తప్పినా అంతే. తీమా పదహారు నిండిన ప్రతి కుర్రాడి పేరూ నమోదు చేయించాడు. ఆర్విద్స్ ఇరవై ఏళ్ల కిందట మా రెండో గోల్‌కీపర్. వయసు నలభై ఎనిమిది, పొట్ట వేరే. అతని పేరూ రాయించాడు. తన పేరు మాత్రం రాయించుకోలేదు.

ఎందుకో మే నెలలో తెలిసింది.

*

మా ఇల్లు ఊరి చివర కరోస్తా పేటలో, పాత నౌకాదళం కట్టిన ఇళ్లల్లో, ఐదో అంతస్తు. లిఫ్టు లేదు. మాతోపాటు మా అత్త జినైదా మార్కొవ్నా ఉంటుంది. ఆవిడ రష్యన్‌లో అడుగుతుంది, నేను లాత్వియన్‌లో జవాబిస్తాను. పదహారేళ్లుగా అలాగే కాపురం చేశాం. ఒకరి భాష ఒకరికి బాగానే తెలుసు, కానీ ముందు ఎవరు దిగిరావాలన్నది తేలలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రైటిస్ వచ్చాడు. ఒకప్పుడు మా క్లబ్బు వ్యవహారాలు చూసినవాడే, ఇప్పుడు యజమానికి రీగాలో కుడిభుజం. అత్త అతని ముందు బంగాళాదుంప అట్లు పెట్టి, పైన గడ్డ మీగడ వేసింది. నాకు ఒళ్లు మండింది.

“కెప్టెన్, నువ్వు ఇక్కడుండి చేసేదేముంది?” అన్నాడు నోటినిండా అట్టు పెట్టుకుని. “రీగాలో కుర్రాళ్ల విభాగమంతా నీ చేతిలో పెడతామంటున్నారు. రెండు గదుల ఫ్లాటు. జులై ఒకటిలోపు సంతకం పెట్టు. మార్చిలో చెప్పిందే మళ్లీ చెబుతున్నా, ఈలోగా ఇక్కడ బరిలోకి మాత్రం దిగకు, మోకాలు పోతే మాకు పనికిరావు.”

“మరి ఇక్కడి జట్టో?” అన్నాను.

“పోయినదాన్ని ఎన్నాళ్లని మంచం మీద ఉంచుకుంటావు విజ్మా? మర్యాదగా సాగనంపుకోవాలి.”

“ఊపిరున్నదాన్ని సాగనంపితే దాన్ని మర్యాద అనరు. ఇంకో మాట అంటారు.”

రైటిస్ నవ్వి, అత్త వైపు తిరిగాడు. “ఫ్లాటుకి లిఫ్టుందండీ.”

అతను వెళ్లాక అత్త గిన్నెలు కడుగుతూ ఆ ఒక్క మాటే పట్టుకుంది. “లిఫ్టుందట.” ఆవిడ కాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. రొట్టె కోసం కిందికి దిగితే మళ్లీ పైకి రావడానికి మూడు చోట్ల కూర్చునేది. ఆవిడ కోరికలో తప్పేం లేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది, తప్పుంటే కడిగేసేదాన్ని.

“నువ్వేమంటావు?” అని తీమాని అడిగాను.

“జులై ఒకటి దాకా టైముందిగా,” అన్నాడు గోడ మీద పిల్లిలా.

“నువ్వు లేకపోతే ఆ కుర్రాళ్లు ఎన్నాళ్లు దిగుతారు?”

అతను లేకపోతే వాళ్లు ఓ నెల కూడా దిగరు. ఆ సంగతి రైటిస్‌కీ తెలుసు. తెలిసే ఫ్లాటు ఇస్తున్నాడు.

*

మైదానంలో నాకొక గది ఉంది, బట్టలుతికే గది. దాని గోడకి పదమూడు మేకులు. పన్నెండింటికి పన్నెండు జెర్సీలు వేలాడేవి, మాసినవి మాసినట్టే. మొదటిసారి ఛాంపియన్లమైన రోజు మెషీన్ చెడిపోయింది. ఆఖరి గోల్ కొట్టినవాడి జెర్సీ ఉతక్కుండా మేకుకి తగిలించి, మర్నాడు మర్చిపోయాను. మరుసటేడు మళ్లీ గెలిచాం. ఇంకెవడు ఉతకనిస్తాడు? ఏటా ఆఖరి ఆటలో మమ్మల్ని గెలిపించినవాడి జెర్సీ, బురదతో, చెమటతో, ఒకసారైతే నెత్తురుతో, అలాగే గోడెక్కేది. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందని ఊరంతా నమ్మింది. ఆరో ఏడు మాత్రం పెనాల్టీ ఆపినందుకు గోల్‌కీపర్ జెర్సీ ఎక్కింది.

పన్నెండోది తగిలించిన రోజే తీమా బీరు మత్తులో పదమూడో మేకు కూడా కొట్టేశాడు. అప్పట్నుంచీ దానికి నా ఆప్రాన్ వేలాడుతోంది.

జూన్ ఇరవై మూడున లీగో పండగ వచ్చింది. ఆ పూట మా దేశంలో పట్నాలన్నీ ఖాళీ అవుతాయి. ఓక్ ఆకుల కిరీటాలు పెట్టుకుని, పొలాల్లో మంటలు వేసి, జీలకర్ర జున్ను తింటూ బీరు తాగుతూ తెల్లారిందాకా పాడటమే పని. నేను మా అమ్మవాళ్ల పల్లెకి వెళ్లాను. తీమా ‘ఊరికే ఫ్లాటు చూసొస్తా’ అని రీగా వెళ్లాడు.

ఇరవై ఐదో తేదీ పొద్దున్నే తిరిగొచ్చేసరికి ఆర్విద్స్ గేటు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలమీద ఆకుల కిరీటం ఇంకా అలాగే ఉంది.

“తాళంచెవి పూలకుండీ కింద పెట్టాను విజ్మా.”

“ఎప్పుడూ అక్కడేగా పెడతావు?”

“అవును. అందుకే రైటిస్‌కి తెలుసు.” టోపీతో గది వైపు చూపించాడు. “లీగో నాడు పనిచేసేవాడు ఈ దేశంలో ఉంటాడని నేననుకోలేదు.”

నేనైనా అనుకునేదాన్ని కాదు. వెళ్లి చూశాను. జెర్సీల పెట్టెలు లేవు, నిక్కర్లు లేవు, బంతులు లేవు, రెండు వాషింగ్ మెషీన్లూ లేవు. తలుపుకి ఒక కాగితం అంటించారు: యజమాని తన ఆస్తిని తాను తీసుకెళ్లాడు. న్యాయంగా చూస్తే తప్పు పట్టడానికి లేదు, అన్నీ ఆయన కొన్నవే. మర్నాడే ఆట, యెల్గవా వాళ్లు వస్తున్నారు. ఒకే రంగు జెర్సీలు లేకపోతే రిఫరీ ఆట మొదలుపెట్టడు. అదే మూడోది.

“కుర్రాళ్లకి ఏం చెప్పను?” అన్నాడు ఆర్విద్స్.

నేను గోడ వైపు చూస్తున్నాను. పన్నెండు జెర్సీలూ ఉన్నాయి. మాసిన గుడ్డలనుకుని వాటిని ముట్టుకోలేదు.

“నీలం నిక్కర్లు ఎవరివి వాళ్లని తెచ్చుకోమను,” అన్నాను. “జెర్సీలున్నాయని చెప్పు.”

ఆర్విద్స్ నా చూపు వెంట చూశాడు. కిరీటం తీసి బెంచీ మీద పెట్టాడు. “విజ్మా, అవి ఉతికితే...”

“ఉతక్కపోతే ఏమొరిగింది? మూడేళ్లుగా గోడకే ఉన్నాయిగా.”

మొదటి ఏటిది దించాను. ఎండు రొట్టెలా బిరుసెక్కిపోయి ఉంది. రేకు తొట్టిలో నీళ్లు వేడిచేసి పోసి, దాన్ని ముంచాను. బురద విడిచి నీళ్లు టీ రంగుకి తిరిగాయి. అంతే. ఏదో అవుతుందనుకున్నాను గానీ ఏమీ కాలేదు. రెండోది దించాను.

ఏడోది ముంచుతుండగా గుమ్మంలో అత్త. ఐదంతస్తులు దిగి, రెండు బస్సులెక్కి వచ్చింది. రొప్పుతోంది.

“తీమా ఫోన్ చేశాడు,” అంది. “ఫ్లాటు బావుందట. లిఫ్టులో నిలువుటద్దం కూడా ఉందట.” అప్పుడు తొట్టి చూసింది, గోడ చూసింది. “ఏం చేస్తున్నావు?”

చెప్పాను. రైటిస్ పట్టుకుపోయినవన్నీ వరసగా చెప్పాను. ఆవిడ తొట్టిలో వేలు ముంచింది, చురుక్కుమని లాక్కుంది.

“బురదకి వేణ్ణీళ్లా? మరక ఇంకా పట్టేయాలనా? పదహారేళ్లుగా ఇలాగే ఉతుకుతున్నావా?”

“మెషీన్ ఉతికేది.”

“అదీ సంగతి.” కోటు విప్పి ఆకుల కిరీటం పక్కన పడేసింది. “పారబోయి. చన్నీళ్లు పట్టు. సబ్బు అప్పుడే కాదు, ముందు ఉప్పు.”

ఆవిడ వయసులో ఉన్నప్పుడు నౌకాదళం లాండ్రీలో ఇరవై రెండేళ్లు పనిచేసిందని నాకు తెలుసు. ఆ చేతులు పనిచేస్తుంటే చూడటం మాత్రం అదే మొదలు. కాళ్లకి వచ్చిన వయసు ఆ చేతులకి రాలేదు. నాలుగోదాని మీద నెత్తురు మరకని చన్నీళ్లల్లో పిడికిళ్లతో రుద్దుతూ, “ఎవడిదిది?” అంది.

“మీ అబ్బాయిదే. కనుబొమ్మ చిట్లిన రోజు.”

ఆవిడ ఇంకాస్త ఉప్పు వేసింది.

గోల్‌కీపర్‌ది ఒక్కటి తప్ప అన్నీ నీలమే, కానీ నంబర్లతో చిక్కొచ్చింది. గోల్స్ ఎక్కువ కొట్టినవాడిది తొమ్మిది కాబట్టి అయిదింటి మీద తొమ్మిదే ఉంది. ఒకే నంబరు ఇద్దరికుంటే రిఫరీ ఒప్పుకోడు. నేను తలపట్టుకుంటే అత్త ఆర్విద్స్‌ని పిలిచింది. “ఇంటికెళ్లి నా బీరువా పైఅరలో తెల్ల దుప్పటుంది, పట్రా. తాళం పూలకుండీ కింద లేదు, ఇదిగో.” పాపం ఆర్విద్స్ చెవులు ఎర్రబడ్డాయి.

అది ఆవిడ పెళ్లి దుప్పటి. నలభై ఐదేళ్లు మడత నలగలేదు. కత్తెర పెట్టేముందు ఒకసారి చేత్తో నిమిరింది, తర్వాత చూడలేదు. ఆవిడ అంకెలు కత్తిరించి కుడుతుంటే, ప్రతి జెర్సీ గుండెల మీదా ఉన్న యజమాని కంపెనీ పేరుని నేను బ్లేడుతో విప్పుతూ కూర్చున్నాను. జీవితంలో నేను అంత హాయిగా చేసిన పని ఇంకోటి లేదు.

సాయంత్రం ఆరింటికి తీమా నేరుగా రైలు స్టేషన్ నుంచి మైదానానికే వచ్చాడు. వలల్లేని గోల్ స్తంభాల మధ్య తాడు కట్టి పన్నెండూ ఆరేశాం. మా ఊరి గాలికి పన్నెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. అతను గేటు దగ్గరే సంచి దించేశాడు.

“వీటిని ఎవరు ఉతకమన్నారు?” అన్నాడు దగ్గరికొచ్చి.

“రైటిస్,” అన్నాను.

ఒక్కో జెర్సీనీ పట్టుకుని చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు, మరక ఉండాల్సిన చోట బొటనవేలితో రాశాడు. మరక లేదు. నేను ఏ మాటైనా పడటానికి సిద్ధంగా ఉన్నాను.

“నాకే నంబరిస్తున్నారు?” అన్నాడు.

“నాలుగు,” అంది అత్త సూది మీంచి తల ఎత్తకుండానే. “అంకె అంచు ఇంకా కుడుతున్నా, ఆగు.”

తీమా తాడు మీంచి ఒక జెర్సీ దించి, నా పక్కన కూర్చుని, ఇంకో బ్లేడు తీసుకుని, యజమాని పేరు విప్పడం మొదలుపెట్టాడు. ఆ రాత్రే ఆటగాళ్ల జాబితాలో తన పేరూ రాయించాడు. జులై ఒకటో తేదీ మిగతా తేదీల్లాగే వచ్చిపోయింది.

*

యెల్గవా వాళ్ల చేతిలో ఐదు సున్నా. తర్వాత ఏడు సున్నా. ఆగస్టులో ఒకసారి తొమ్మిది సున్నా. మిగతా ఊళ్లవాళ్లు మొదట్లో నవ్వారు. మా బజారులో చేపలమ్మే మార్గా కూడా తక్కువేమీ తినలేదు.

“విజ్మా, నిన్న ఎన్నికి పోయింది?” అంది అందరూ వినేలా.

“తొమ్మిది.”

“అయ్యో.”

“అయ్యో ఎందుకు? తొంభై నిమిషాలు నిలబడి ఓడారు. నీ మొగుడు తొంభై నిమిషాలు కాళ్ల మీద నిలబడి ఎన్నాళ్లయింది?”

బజారు బజారంతా గొల్లుమంది. మార్గా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వారం తర్వాత పొగబెట్టిన చేపల పొట్లం చేతిలో పెట్టి, “కుర్రాళ్లకి,” అంది. డబ్బివ్వబోతే కసిరింది.

పన్నెండేళ్లు గెలిచినప్పుడు మైదానం మెట్ల మీద కూర్చున్నవాళ్లకన్నా, ఆ ఏడాది ఓడుతున్నప్పుడు వచ్చి కూర్చున్నవాళ్లే ఎక్కువ. గెలిచేవాళ్లని చూడటానికి టీవీ చాలు. సెప్టెంబరులో యెల్గవా వాళ్లతో వాళ్ల ఊళ్లోనే ఒకటి ఒకటి చేశాం. ఆర్విద్స్ ఆరోజు ఆపిన బంతుల గురించి నెలరోజులు చెప్పాడు, చెప్పినప్పుడల్లా ఒక బంతి పెరిగేది. ప్రతి ఆట తర్వాతా అత్త పన్నెండు జెర్సీలూ చన్నీళ్లలో నానేసేది. నన్ను ఉప్పు కూడా వేయనిచ్చేది కాదు.

*

ఆఖరి ఆట నవంబరు ఏడున, మా మైదానంలోనే. వచ్చింది ఎవరో కాదు, రీగాలో యజమాని పెట్టిన కొత్త క్లబ్బు. అప్పటికే ఛాంపియన్లయిపోయారు. అందులో సగంమంది మా కుర్రాళ్లే, తీమా చేతికింద పెరిగినవాళ్లే.

ఆటకి ముందు రైటిస్ మైదానం మధ్యకి వచ్చాడు. చేతిలో తెల్ల చామంతుల గుత్తి, దానికి బంగారు రంగు రిబ్బను. “లంగరు జట్టు సాధించిన పన్నెండు విజయాలకు, ఒక్కో పువ్వు,” అని మైకులో చెప్పి తీమాకిచ్చాడు.

మెట్ల మీద జనం మెడలు సాచారు. అందరూ లెక్కపెట్టుకున్నారు. మా దగ్గర పసిపిల్లకైనా తెలుసు, బతికున్నవాళ్లకి బేసి, పోయినవాళ్లకి సరి. పూలకొట్లో సరి సంఖ్య కట్టమంటే అమ్మాయి ముందు గొంతు తగ్గించి ‘ఎవరు పోయారండీ’ అని అడుగుతుంది. రైటిస్‌నీ అడిగే ఉంటుంది. ఏం చెప్పాడో మరి.

తీమా పూలు తీసుకుని తల ఊపాడు. గీత దాటి వచ్చి నాకిచ్చాడు. “బకెట్లో పెట్టు. ఆట అయ్యాక చూద్దాం.”

ఆ వారం ఊరంతా జ్వరాలు. తొమ్మిది మందితో మొదలుపెట్టాం. ఈ ఒక్క ఆట చివరిదాకా ఆడితే పేరు నిలుస్తుంది, ఆగితే ఏప్రిల్ నుంచి పడ్డ పాట్లన్నీ గాలికి పోతాయి. సగం ఆటకి నాలుగు సున్నా. అరవయ్యో నిమిషంలో ఒక కుర్రాడికి మడమ మెలిపడింది, ఎనిమిది. డెబ్బై నాలుగులో ఇంకొకడు జ్వరంతో వాంతి చేసుకుని గడ్డి మీద వాలిపోయాడు, ఏడు. ఐదో గోల్ ఆపబోయి ఆర్విద్స్‌కి రెండు వేళ్లు తొలిగాయి. బూటు లేసుతో కట్టేసుకుని మళ్లీ గోల్‌లో నిలబడ్డాడు.

ఎనభై ఒకటో నిమిషంలో తీమా పడ్డాడు. ఎవరూ తగల్లేదు. తిరగబోయాడు, మోకాలు తిరగలేదు.

నీళ్ల డబ్బా పట్టుకుని నేను పరిగెత్తాను. రిఫరీ ముందే వచ్చి వంగి చూస్తున్నాడు. “కెప్టెన్, బయటికి వెళ్తావా? నువ్వు వెళ్తే నేను ఆపేయాలి.” మంచివాడు, మొహం చిన్నబుచ్చుకునే అడిగాడు. గీత అవతల రైటిస్ లేచి నిలబడ్డాడు.

మోకాలు అప్పటికే రొట్టె పిండిలా పొంగింది. ‘చాల్లే, వచ్చేయ్’ అందామని నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది.

“నిలబెట్టు,” అన్నాడు తీమా.

నిలబెట్టాను. భుజం ఆసరా ఇచ్చి గోల్ స్తంభం దాకా నడిపించాను. అతను దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. స్తంభం పట్టుకోకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. రిఫరీ గడియారం చూసుకుని ఈల వేశాడు.

రీగా కుర్రాళ్లు తీమాని చూసి బంతి తమలో తాము అటూ ఇటూ తన్నుకోవడం మొదలుపెట్టారు. గోల్ వైపు రావడం మానేశారు. ఒకడైతే బంతిని వెనక్కి తమ గోల్‌కీపర్‌కే పంపేశాడు.

“ఏరా,” అని అరిచాడు తీమా. గాలికి ఎదురుగా అరిచినా మెట్ల పైవరస దాకా వినిపించింది. “ఎవడికిరా మీ జాలి? నేను నేర్పింది ఇదేనా? ఆడండి.”

వాళ్లు ఆడారు. ఎనభై ఎనిమిదిలో ఆరో గోల్ కొట్టారు. కొట్టినవాడు పండగ చేసుకోకుండా, తీమా దగ్గరికొచ్చి తల వంచి వెళ్లాడు. తర్వాత ఇంకో మూడు నిమిషాలు. అవి ఎంత పొడుగో నన్నడగకండి. ఆఖరి ఈల మోగేసరికి మైదానంలో మావాళ్లు ఏడుగురున్నారు.

ఆరు సున్నాకి ఓడినవాళ్ల కోసం ఊరు అలా లేచి నిలబడటం నేను మళ్లీ చూడలేదు. మార్గా బెంచీ ఎక్కి ఈలలు వేస్తోంది. నేను తీమాని పట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

అప్పుడు చూశాను, అత్త మెట్లు దిగి వస్తోంది. నెమ్మదిగా, ఒక్కో మెట్టూ. బకెట్ దగ్గరికెళ్లి, గుత్తిలోంచి ఒక్క చామంతి లాగింది. నీళ్లు విదిలించింది. మైదానం చుట్టూ నడిచి, కారు వైపు వెళ్తున్న రైటిస్‌ని ఆపింది. పదహారేళ్లలో ఆవిడ నోట నేను మొదటిసారి లాత్వియన్ విన్నాను. ఒక్క అక్షరం తేడా లేకుండా మాట్లాడింది.

“ఒకటి ఎక్కువ తెచ్చావు బాబూ. తీసుకెళ్లు.”

రైటిస్ ఆ పువ్వు పట్టుకుని నిలబడ్డాడు. పారేయలేడు, ఊరంతా చూస్తోంది. చివరికి అలాగే పట్టుకుని కారెక్కాడు. బకెట్లో పదకొండు మిగిలాయి.

గదిలో తీమా జెర్సీ విప్పాడు. నాలుగో నంబరు, రెండు వైపులా బురద. అలవాటు కొద్దీ నేను తొట్టి వైపు తిరిగాను.

“ఏయ్, దాన్ని ముట్టుకోకు,” అంది అత్త, తన రష్యన్‌లోనే. పదమూడో మేకు మీది నా ఆప్రాన్ తీసి నా భుజం మీద వేసింది. జెర్సీని ఆ మేకుకి తగిలించి, దాని చేతులు సర్దింది. మాసిన గుడ్డలు చూస్తే కంపరమెత్తే మనిషి.

ఆర్విద్స్ మమ్మల్ని ఇంటి దగ్గర దింపాడు. ఐదంతస్తులు. ఒంటికాలి మీద తీమా, ఒకవైపు నేను, ఇంకోవైపు గోడ. వెనకాల అత్త, ప్రతి మలుపులోనూ కూర్చుంటూ. మూడో అంతస్తు దగ్గర ముగ్గురం మెట్ల మీద కూలబడ్డాం. ఎవరికీ ఊపిరి అందడం లేదు.

ఆ లిఫ్టు సంగతి నాకు గుర్తొచ్చింది. ఎంత ఒద్దనుకున్నా గుర్తొచ్చింది. “మీ కాళ్లు,” అన్నాను. రష్యన్‌లోనే అన్నాను.

ఆవిడ మోకాళ్లు రాసుకుంటూ నా వైపు చూసింది.

“లిఫ్టులో నిలువుటద్దం ఉందన్నాడుగా వీడు,” అంది. “అందులో చూసుకునే మొహం ఉండాలిగా. ఇంకా రెండంతస్తులున్నాయి, పదండి.”